ప్రాజెక్టులో వీడియోకు హెచ్.264 వాడాలా, ఏవీ1 వాడాలా?

హెచ్.264, ఏవీ1 రెండూ వీడియోను కుదించి, ఆడించేటప్పుడు తిరిగి విప్పే పద్ధతులు, అంటే కోడెక్‌లు. చూసేవారి పరికరం ఏదో ముందుగా తెలియనప్పుడు హెచ్.264ను తప్పనిసరిగా ఉంచి, వీక్షకులు ఎక్కువై డేటా ఖర్చు భారమయ్యే చోట ఏవీ1ను దానికి తోడుగా చేర్చాలి.

2003లో వెలువడిన హెచ్.264ను డీకోడ్ చేసే (కుదించినదాన్ని విప్పే) హార్డ్‌వేర్ దాదాపు ప్రతి ఫోన్‌లోనూ, కంప్యూటర్‌లోనూ ఉంటుంది. 2018లో వచ్చిన ఏవీ1 ఫ్రేమును హెచ్.264లా 16×16 పిక్సెళ్ల గడులకు పరిమితం కాకుండా 128×128 వరకు విభజించగలదు కనుక, ఆకాశం వంటి మార్పులేని భాగాలను చాలా తక్కువ బిట్లతో నమోదు చేస్తుంది. అయితే ఎన్ని విధాలుగా విభజించవచ్చో పోల్చి చూడవలసి రావడంతో ఎన్‌కోడింగ్‌కు (కుదింపుకు) ఎక్కువ సమయం పడుతుంది, ఏవీ1 హార్డ్‌వేర్ లేని ఫోన్లలో బ్యాటరీ త్వరగా తరుగుతుంది.

ఉదాహరణకు, వెబ్ పేజీలోని వీడియో ట్యాగ్‌లో ఏవీ1 ఫైలును ముందు, హెచ్.264 ఫైలును తరువాత ఇస్తే, బ్రౌజర్ తాను ఆడించగల మొదటిదాన్ని ఎంచుకుంటుంది. ఇక్కడ వరుస ముఖ్యం. రెండూ ఎంపీ4 ఫైళ్లే కావచ్చు కాబట్టి ప్రతి ఫైలుకూ ఇచ్చే టైప్ (type)లో కోడెక్ పేరు కూడా రాయాలి. చాలామంది మరిచేది ఇదే.

పాత హెచ్.264 ఫైలును ఏవీ1లోకి మారిస్తే నాణ్యత పెరుగుతుందనుకోవడం పొరపాటు. మొదటి కుదింపులో పోయిన వివరాలు తిరిగి రావు, రెండో కుదింపులో మరికొన్ని పోతాయి. అందుకే ఎన్‌కోడింగ్ ఎప్పుడూ అసలు రికార్డింగ్ నుంచే చేయాలి.