ఇసినోఫిల్స్ ఎక్కువున్నాయి, కారణం తెలియదంటున్నారు. ఏం చేయాలి?

మీ అమ్మగారికి ఇసినోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) 22 శాతం, తెల్లకణాలు మొత్తం 11,000 ఉన్నాయని, అలర్జీ అని స్టెరాయిడ్ మాత్రలు రాశారని అడిగారు. శాతం వదిలేసి లెక్క కట్టండి. 11,000లో 22 శాతం అంటే మైక్రోలీటరుకు 2,420. మామూలుగా 500 లోపే ఉండాలి. 1,500 దాటి అలాగే ఉంటే కారణం వెతికి తీరాల్సిందే.

మా నాన్నగారికీ ఇలాగే అయింది. మాది కోనసీమ. తెల్లవారుజామున దగ్గు తెరలుతెరలుగా వచ్చేది, పిల్లికూతలతో మంచం మీద లేచి కూర్చునేవారు. ఆస్తమా అన్నారు, మధ్యమధ్యలో స్టెరాయిడ్ ఇచ్చారు. వేసుకున్నన్నాళ్లూ కౌంటు పడిపోయేది, ఆపితే మళ్లీ మొదలు. కారణం ఏదైనా స్టెరాయిడ్ ఈ కణాలను తగ్గించేస్తుంది. అసలు జబ్బు మాత్రం లోపల అలాగే ఉండిపోవచ్చు.

చివరికి ఒక ఊపిరితిత్తుల డాక్టరుగారు ఏఈసీ (మైక్రోలీటరు రక్తంలో ఇసినోఫిల్స్ లెక్క) 4,800 ఉండటం చూసి, ‘మీ వైపు బోదకాలు ఉందా?’ అని అడిగారు. నాన్నకు కాలు వాపు లేదు, రాత్రి తీసిన రక్తంలోనూ ఏమీ కనబడలేదు. ఈ జబ్బులో, బోదకాలు తెచ్చే ఫైలేరియా పిల్లపురుగులు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోతాయి కాబట్టి రక్తంలో సాధారణంగా దొరకవట. ఫైలేరియా యాంటీబాడీలు, ఐజీఈ (అలర్జీల్లోనూ పురుగుల జబ్బుల్లోనూ పెరిగే యాంటీబాడీ) మాత్రం బాగా ఎక్కువొచ్చాయి. దీన్ని ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫీలియా అంటారు. మూడు వారాలు ఫైలేరియా మందు డీఈసీ మాత్రలు వాడాక నాన్న రాత్రంతా పడుకోగలిగారు.

ల్యాబ్‌లో ఆయన స్లైడ్ నాకూ చూపించారు. రెండు తమ్మెల కేంద్రకం, చుట్టూ కిక్కిరిసిన నారింజరంగు రేణువులు. ఇయోసిన్ అనే రంగును పట్టుకుంటాయనే పాల్ ఎర్లిక్ 1879లో వీటికా పేరు పెట్టాడు. ఆ రేణువుల్లోని ప్రోటీన్లు పురుగులను చంపగలవు, కానీ కౌంటు చాలాకాలం ఎక్కువుంటే గుండె కండరాన్నీ దెబ్బతీయగలవు. అందుకే అమ్మగారికి బాధ ఏమీ లేకపోయినా ఎకో (గుండె స్కాన్), ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే తెలిపే రక్తపరీక్ష) చేయించమని అడగండి.

వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా, డాక్టరుకు చూపించండి. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే అలవాటుంటే స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగుకు యాంటీబాడీ పరీక్ష గురించి తప్పక అడగండి. ఒక్కసారి మలపరీక్షలో అది తప్పిపోవచ్చు. ఆ పురుగు ఉండగా స్టెరాయిడ్ పడితే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రావచ్చు. స్టెరాయిడ్ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే మీ అంతట మీరు ఆపకండి, ఈ మాట డాక్టరుతో చెప్పండి.

ఇవేవీ తేలకపోతే హెమటాలజిస్టు (రక్తజబ్బుల డాక్టరు) దగ్గరికి వెళ్లండి. ఒక జన్యుమార్పు వల్ల వచ్చే రకానికి ఇమాటినిబ్ అనే మందు చాలా బాగా పనిచేస్తుంది. ఈలోగా ఆయాసం, ఛాతీనొప్పి, చేతులు కాళ్లు మొద్దుబారడం కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.