పెద్ద రాక్ బాస్ ఎక్కడుంటుంది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న (నోవై, మిషిగన్): మా ఇంటి దగ్గర సరస్సులో డాక్ మీద నించుని, బెండు కట్టి వానపాము వేస్తే గంటలో పది పదిహేను రాక్ బాస్‌లు పడుతున్నాయండీ. అన్నీ ఆరేడు అంగుళాలవే. ఈ సరస్సులో పెద్దవి లేవనుకోవాలా?

జవాబు: అప్పుడే అలా తేల్చుకోకండి. చిన్నవి అన్ని ఉన్నాయంటే పెద్దవీ ఉండే అవకాశం ఎక్కువే. వాటి దగ్గరికి మీ ఎర వెళ్ళడం లేదు, అంతే.

ముందు కొలతల సంగతి. రాక్ బాస్ అనే ఈ ఉత్తర అమెరికా మంచినీటి చేప నెమ్మదిగా పెరుగుతుంది. మిషిగన్, ఒంటారియో లాంటి చల్లటి చోట్ల 7 అంగుళాలకు రావడానికే ఐదారేళ్ళు పడుతుంది. 11 అంగుళాల చేప చేతికొచ్చిందంటే దానికి దాదాపు పదేళ్ళుంటాయి, బరువు పౌండుకు అటూ ఇటూగా తూగుతుంది. 10 అంగుళాలు మంచి చేప, 11 దాటితే ట్రోఫీ, 12 దాటితే చాలా అరుదు. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే ఎక్కడ ఆగాలో, ఎక్కడి నుంచి కదలాలో తెలుస్తుంది.

డాక్ కింద నాలుగైదు అడుగుల నీళ్ళలో గుంపుగా తిరిగేవి ఎక్కువగా చిన్న చేపలు. పురుగూ పుట్రా తిని బతుకుతాయి. పెద్దవాటికి ఇష్టమైన తిండి క్రేఫిష్, అంటే మన రొయ్యలాంటిదే, గట్టి పెంకూ రెండు పెద్ద డెక్కలూ ఉండే జీవి. అది దాక్కోవాలంటే రాళ్ళ మధ్య సందులుండాలి. గులకరాళ్ళలో ఆ సందులుండవు. కొబ్బరిబోండాం అంతవీ, అంతకన్నా పెద్దవీ అయిన బండలు కావాలి. అలాంటి బండలు ఉండి, నేల 8 అడుగుల నుంచి 15, 20 అడుగులకు జారే అంచు దొరికిందంటే అక్కడే వెతకాలి. ఒడ్డు నుంచి నీళ్ళలోకి పొడుచుకొచ్చిన రాతి మొన, నీటి అడుగున మునిగిన రాళ్ళగుట్ట, నాచుమొక్కలు ఆగిపోయి రాయి మొదలయ్యే గీత, ఈ మూడూ ముందుగా చూడాల్సిన చోట్లు.

వీటిని కనిపెట్టడం కష్టం కాదు. సరస్సు లోతుల పటంలో గీతలు దగ్గరదగ్గరగా ఉన్న చోటు గుర్తు పెట్టుకోండి. అక్కడ ఒక చిన్న జిగ్‌ని, అంటే తలకు బరువు పోసిన గాలాన్ని, అడుగుకు వదిలి మెల్లగా లాగండి. టక్ టక్‌మని కర్రకు తగిలితే రాయి. మెత్తగా కూరుకుని వస్తే బురద. సాగుతూ వచ్చి ఒక్కసారిగా వదిలితే నాచు. రాయి తగిలిన చోట పది నిమిషాలు చూడండి. వరసగా మూడు చేపలు 8 అంగుళాల లోపువే పడితే అక్కడ ఆగకండి. ఈ చేపలు చాలావరకు ఈడుకు తగ్గవాటితో గుంపు కడతాయి కాబట్టి చిన్నవాటి మధ్య పెద్దది దొరకడం తక్కువ. ఇంకో ఐదడుగుల లోతుకు గానీ, పక్క మొనకు గానీ మారండి. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. గాలం ఊరికే కదులుతూ ఉంటే వదిలి వెళ్ళడానికి మనసు ఒప్పదు.

కాలాన్ని బట్టీ చోటు మారుతుంది. మంచు కరిగి నీటి వేడి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక ఎండ తగిలే రాతి ఒడ్డులకు వస్తాయి. 60 నుంచి 70 డిగ్రీల మధ్య, అంటే ఎక్కువగా మే చివర, జూన్‌లో, గుడ్లు పెడతాయి. మగచేప గులకనేల మీద తోకతో ఊడ్చి 8, 10 అంగుళాల వెడల్పు గుంట చేసి కాపలా కాస్తుంది. అప్పుడు పెద్దవి లోతు తక్కువ నీళ్ళలో కంటికి కనిపిస్తాయి, పట్టడం చాలా సులువు. కానీ గూడు మీదున్న మగచేపను పైకి తీస్తే చుట్టూ కాచుకున్న చిన్నచేపలు నిమిషాల్లో గుడ్లు తినేస్తాయి. గూళ్ళు కనిపించే చోట గాలం వేయొద్దనే మా గట్టి అభిప్రాయం. జూలై, ఆగస్టుల్లో ముందు చెప్పిన అంచు మీదే 10 నుంచి 20 అడుగుల లోతుకు దిగుతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో అక్కడే ఇంకా దట్టంగా గుంపు కడతాయి. ట్రోఫీకి మేము మెచ్చేది ఆ రెండు నెలలే.

రోజులో తెల్లవారుజాము, సూర్యాస్తమయానికి ముందు వెనుక గంట, ఆపైన చీకటి పడ్డ మొదటి గంట మంచివి. రాక్ బాస్‌కుండే పెద్ద ఎర్రకళ్ళు మసకవెలుతురులో వేటకు పనికొచ్చేవి. మిట్టమధ్యాహ్నం అయితే బండల నీడలోకి, సందుల్లోకి దూరి ఉంటాయి, ఎర ముక్కు ముందుకు వెళ్తేనే కదులుతాయి.

మీకు దగ్గర్లోని లేక్ సెయింట్ క్లెయిర్‌కు మాత్రం ఈ లోతుల లెక్క వర్తించదు. ఆ సరస్సు సహజమైన లోతు ఎక్కడా 21 అడుగులు మించదు. అక్కడ ఓడల కోసం తవ్విన కాలువ అంచులు, పడవలు నిలిపే మెరీనాల చుట్టూ పేర్చిన రాతిగట్లు, కాలువల నోళ్ళు చూడండి.

ప్రశ్న (బ్రాంప్టన్, ఒంటారియో): లేక్ సిమ్కోలో పెద్ద రాక్ బాస్ కోసం ఎలాంటి కర్ర, ఎలాంటి ఎర వాడాలి? వానపాముతో చిన్నవే వస్తున్నాయి, పైగా గాలం మింగేస్తున్నాయి. రాళ్ళలో జిగ్‌లు కూడా చాలా పోతున్నాయి.

జవాబు: ఆరున్నర, ఏడడుగుల లైట్ స్పిన్నింగ్ కర్ర, 1000 లేదా 2000 సైజు రీలు చాలు. రీలు మీద 6 నుంచి 8 పౌండ్ల అల్లిక దారం, దాని చివర నాలుగడుగుల 4 లేదా 6 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్ళలో అంతగా కనబడని గట్టి ప్లాస్టిక్ దారం) ముక్క. అల్లిక దారం సాగదు కాబట్టి అడుగున రాయి తగిలిందో, చేప నోట పెట్టిందో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ఫ్లోరోకార్బన్ రాయికి రాసుకున్నా త్వరగా తెగదు. అయినా ప్రతి పది పదిహేను విసుర్లకూ చివరి అడుగు వేళ్ళ మధ్య జారవిడిచి చూడండి. గరుకు తగిలితే అంతమేరా కోసేసి మళ్ళీ ముడి వేయాలి. మంచి చేపలు ఎక్కువగా తెగిపోయేది ఆ గరుకు దగ్గరే.

చిన్నవాటిని వడకట్టాలంటే ఎర సైజు పెంచాలి. రాక్ బాస్ నోరు దాని చుట్టపు చేప బ్లూగిల్ నోటికన్నా చాలా పెద్దది. 11 అంగుళాలది రెండున్నర, మూడంగుళాల ఎరను సునాయాసంగా మింగుతుంది, 6 అంగుళాలది తోక కొరికి వదిలేస్తుంది. మా మొదటి ఎంపిక రెండున్నర అంగుళాల ట్యూబ్, అంటే గొట్టంలా ఉండే మెత్తటి ప్లాస్టిక్ ఎర, క్రేఫిష్ రంగుల్లో: ముదురాకుపచ్చ, గోధుమ, నారింజ చుక్కలవి. జిగ్ తలను ట్యూబ్ లోపలికి దూర్చి, దారం కట్టే కన్ను మాత్రం బయటికి పొడవండి. 10 అడుగుల లోపు నీళ్ళకు ఔన్సులో పదహారో వంతు, 10 నుంచి 20 అడుగులకు ఎనిమిదో వంతు బరువు.

వేసే పద్ధతి: బండలకు అవతలగా విసిరి, దారం వదులు కాకుండా, బిగుసుకోకుండా అడుగుకు దిగనివ్వండి. దిగాక మూడు నాలుగు సెకన్లు కదపకండి. కర్ర కొనను ఆరంగుళాలు మాత్రమే ఎత్తి మళ్ళీ దింపండి. పట్టు ఎక్కువగా దిగేటప్పుడే పడుతుంది. ఒక చిన్న టిక్, లేదా అడుగు రాకముందే దారం ఆగిపోవడం, లేదా దారం పక్కకు నడవడం. వెంటనే కర్ర ఎత్తండి. మొదటి ఐదారు సెకన్లు చేప రాళ్ళలోకి తలదూర్చడానికి బలంగా లాగుతుంది. కర్ర పైకే పట్టి, దారం ఇవ్వకుండా రెండు చుట్లు తిప్పితే రాళ్ళు దాటి పైకొస్తుంది. ఆ తర్వాత దాని బలం చప్పున తగ్గిపోతుంది. డ్రాగ్‌ను, అంటే చేప లాగితే దారం వదిలే రీలు బిగింపును, దారం బలంలో నాలుగో వంతు, మూడో వంతు మధ్య బిగించండి.

జిగ్‌లు పోవడానికి కారణం సాధారణంగా బరువు ఎక్కువ కావడం, అడుగున ఈడ్చుకు రావడం. బరువు ఒక మెట్టు తగ్గించండి, ఈడ్చకుండా ఎత్తి దించండి. సన్న తీగ గాలమున్న జిగ్ తల కొంటే ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగితే గాలం నిటారై వచ్చేస్తుంది, పట్టకారుతో మళ్ళీ వంచుకోవచ్చు. అయితే ఇరుక్కోగానే ముందే వచ్చిన వైపుకు లాగకండి. అది ఇంకా బిగుస్తుంది. నాలుగడుగులు పక్కకు నడిచి, ఎదురు దిక్కు నుంచి కర్ర కొన వణికించండి.

వానపాముతోనే వేయాలనుంటే స్లిప్ ఫ్లోటు, అంటే దారం మీద జారే బెండు, కట్టండి. ముందు దారానికి ఆపుముడి, తర్వాత చిన్న పూస, తర్వాత ఫ్లోటు, చివర 6వ నంబరు పొడుగు కాడ గాలం, దానికి అడుగు పైన ఒక గుండు. ఆపుముడిని జరుపుతూ ఎర బండల మీద ఒక అడుగు ఎత్తున వేలాడేలా చూడండి. ఫ్లోటు మునగడం మొదలైన వెంటనే ఎత్తితే గాలం పెదవికే పడుతుంది. పూర్తిగా మాయమయ్యేదాకా ఆగితే మింగేస్తుంది. మింగితే లాగకుండా దారం కత్తిరించేయడమే చేపకు మేలు. కెనడా జాతీయ పార్కుల్లో చిన్న సీసపు గుండ్లు నిషేధం. సీసం మింగి లూన్ పక్షులు చనిపోతాయి కనుక మిగతా చోట్లా తగరం, టంగ్‌స్టన్ గుండ్లే కొనండి.

ప్రశ్న (మినియాపోలిస్): స్మాల్‌మౌత్ బాస్ పిల్లకూ రాక్ బాస్‌కూ తేడా ఎలా పట్టాలి?

జవాబు: పొట్ట కింద, తోకకు ముందున్న రెక్కలో గట్టి ముళ్ళు లెక్కపెట్టండి. రాక్ బాస్‌కు ఐదు నుంచి ఏడు, ఎక్కువగా ఆరు. స్మాల్‌మౌత్‌కు, బ్లూగిల్‌కు, వార్మౌత్ అనే ఇంకో చుట్టపు చేపకు మూడే. రంగును మాత్రం నమ్మకండి. రాక్ బాస్ పరిసరాన్ని బట్టి చప్పున ముదురూ లేతా అవుతుంది. బాస్ సీజను మూసి ఉన్న రోజుల్లో ఈ ముళ్ళ లెక్క రాకపోతే జరిమానా దాకా వెళ్తుంది.

ప్రశ్న (రాచెస్టర్, న్యూయార్క్): పులుసు పెడదామని రాక్ బాస్ కోస్తే కండలో పసుపు పురుగులు, చర్మం మీద నల్ల మచ్చలు. పారేశాం. తినవచ్చా?

జవాబు: బాగా ఉడికిస్తే తినవచ్చు. పసుపువి ఎల్లో గ్రబ్ అనే పరాన్నజీవి పిల్లలు, నల్లవి బ్లాక్ స్పాట్. రెండూ చేపలు తినే పక్షి నుంచి నత్తకు, నత్త నుంచి చేపకు, చేప నుంచి మళ్ళీ పక్షికి తిరుగుతుంటాయి. రాక్ బాస్‌లో ఎల్లో గ్రబ్ మామూలే. కొంగలు, నత్తలు, నాచు ఎక్కువున్న లోతు తక్కువ నీళ్ళలో ఇంకా ఎక్కువ.

మన పద్ధతిలో పొలుసు తీసి, గాట్లు పెట్టి నిండు చేప వేయించుకుంటే లోపలి పురుగులు కనబడవు. అందుకని వీటిని ముల్లు, చర్మం తీసి కండగా కోయండి. ఆ కండను దీపానికి అడ్డంగా పట్టుకుంటే పురుగులు తెలుస్తాయి, కత్తిమొనతో తీసేయండి. లోపలి వేడి 145 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరాలి. మరిగే పులుసులో అది తేలిగ్గానే దాటుతుంది. సగం ఉడికిన ముక్క మాత్రం వద్దు.

పురుగుల కంటే పాదరసం గురించి ఆలోచించండి. అది కండలోనే ఉంటుంది, చర్మం తీసినా పోదు, వయసుతో పెరుగుతుంది. కాబట్టి కూరకు 8, 9 అంగుళాలవి తెచ్చుకుని ట్రోఫీ చేపను వదిలేయడం ఒంటికీ, సరస్సుకూ మంచిది. ఏ సరస్సు చేప నెలకు ఎన్నిసార్లు తినవచ్చో మీ రాష్ట్ర ఆరోగ్య శాఖ ఏటా చెబుతుంది. గర్భిణులకు, పిల్లలకు వేరే లెక్క ఉంటుంది, అది తప్పక చూడండి.

ప్రశ్న (టొరంటో): ప్రపంచ రికార్డు ఎంత? పెద్దది పడితే ఎలా కొలిచి వదలాలి?

జవాబు: అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం లెక్కలో 3 పౌండ్లు. 1974లో ఒంటారియోలోని యార్క్ నదిలో ఒకటి, 1998లో పెన్సిల్వేనియా వైపు లేక్ ఈరీలో దానికి సమంగా ఇంకొకటి పడ్డాయి.

కొలత పలకను ముందే నీళ్ళతో తడిపి పక్కన పెట్టుకోండి. పొడి చేత్తో, పొడి పలక మీద పెడితే ఒంటి మీది జిగురు పొర పోయి బూజు పడుతుంది. నోరు మూసి మూతిని పలక గోడకు ఆనించి, తోక చివరికి కొలవండి. వీపు ముళ్ళు గుచ్చుకోకుండా తల వైపు నుంచి అరచేతిని వెనక్కి జరుపుతూ ముళ్ళను అణచి పట్టుకోవాలి. ఫొటోతో సహా అరనిమిషంలో నీళ్ళలోకి. 30 అడుగుల కన్నా లోతు నుంచి తీస్తే గాలితిత్తి ఉబ్బి మళ్ళీ మునగలేదు. అందుకే వదిలేద్దామనుకుంటే అంత లోతులో వేయకపోవడమే మంచిది.

ప్రశ్న (రాజమహేంద్రవరం): మా అబ్బాయి అమెరికాలో పడుతున్న ఈ చేప మన గోదావరిలో దొరుకుతుందా?

జవాబు: దొరకదండీ. ఈ చేప కుటుంబమంతా ఉత్తర అమెరికాదే. అలాగే ఎర వేసి ఆడించే సరదా కావాలంటే మన చెరువుల్లో కొర్రమీను ఉంది. దారం మాత్రం బాగా బలమైనది కట్టాలి.

ప్రశ్న (క్యాంటన్, మిషిగన్): బజారులో బతికున్న క్రేఫిష్ అమ్ముతారు కదా, ఎరగా తెచ్చి వేయవచ్చా? మిగిలితే సరస్సులో వదలొచ్చా?

జవాబు: రెండూ వద్దు. వండుకోవడానికి అమ్మేది తరచూ లూసియానా ప్రాంతపు రెడ్ స్వాంప్ క్రేఫిష్. దాన్ని బతికుండగా దగ్గర పెట్టుకోవడం మిషిగన్‌లో నిషేధం. 2017లో మీ పక్కనే నోవైలోని ఒక చెరువులో అది కనబడింది. గట్లు తొలిచి బొరియలు చేస్తుంది, స్థానిక క్రేఫిష్‌ను తరిమేస్తుంది. ఒంటారియోలో అయితే ఏ క్రేఫిష్‌నైనా పట్టిన నీళ్ళలోనే వాడాలి, నేల మీదుగా మోసుకెళ్ళకూడదు.

చేపకూ ఇదే వర్తిస్తుంది. ఒంటారియోలో రాక్ బాస్, స్మాల్‌మౌత్ బాస్ కొత్తగా చేరిన సరస్సుల్లో ఒడ్డు నీళ్ళ చిన్నచేపలు తగ్గిపోయి, వాటి మీద బతికే లేక్ ట్రౌట్ అనే పెద్ద చేప నీళ్ళలో తేలే బహుచిన్న జీవుల (జూప్లాంక్టన్) తిండికి దిగాల్సి వచ్చిందని 1999లో పరిశోధకులు చూపించారు. మీ సరస్సులో పట్టిన రాక్ బాస్‌ను బకెట్లో వేసుకుని పెరటి చెరువుకు గానీ, ఇంకో సరస్సుకు గానీ తీసుకెళ్ళకండి. ఎర కావాలంటే ప్లాస్టిక్ ట్యూబ్ చాలు, లేదా కొట్లో కొన్న వానపాములు. మిగిలిన వానపాములను మట్టితో సహా చెత్తబుట్టలో వేయండి, ఒడ్డున అడవిలో పారబోయకండి.