మీ డబ్బు – మీ ప్రశ్నలు: లేజర్ కంపెనీల షేర్లు

ప్ర: మాది షీట్ మెటల్ జాబ్ వర్క్ షాపు. ఈ ఐదారేళ్లలో మా చుట్టుపక్కల షెడ్డు షెడ్డుకీ ఫైబర్ లేజర్ కటింగ్ మెషిను వచ్చేసింది. ఇంత గిరాకీ ఉంటే ఐపీజీ ఫోటోనిక్స్ షేరు 2021 తర్వాత ఎందుకు అంతలా పడింది? ఇప్పుడు చౌకగా దొరుకుతున్నట్టేనా?
– ఓ పాఠకుడు, బాలానగర్

జ: మీ షెడ్లలోకి మెషిన్లు రావడానికీ, ఆ షేరు పడడానికీ మూలం ఒకటే. లేజర్ సోర్స్ (మెషిన్‌లో కిరణాన్ని పుట్టించే భాగం) ధర పడిపోయింది. పాత కార్బన్ డయాక్సైడ్ లేజర్ తీసుకున్న కరెంటులో సుమారు పదో వంతే కిరణంగా మారేది. సన్నని గాజు తీగలో కిరణాన్ని పుట్టించే ఫైబర్ లేజర్‌లో మూడో వంతుకు పైగా మారుతుంది. గ్యాస్ నింపక్కర్లేదు, అద్దాలు సర్దక్కర్లేదు. దీన్ని పరిశ్రమకు అలవాటు చేసింది అమెరికా కంపెనీ ఐపీజీ. చాలాకాలం అది చెప్పిందే ధర. తర్వాత వూహాన్‌లోని రేకస్ వంటి చైనా కంపెనీలు అదే పని చేసే సోర్సులను బాగా తక్కువకు అమ్మసాగాయి. ఐపీజీ అమ్మకాల్లో పెద్ద వాటా అప్పట్లో చైనాదే. 2018లో 146 కోట్ల డాలర్లున్న అమ్మకాలు 2024లో 98 కోట్లకు దిగాయి.

నన్నడిగితే, అంతకన్నా ముఖ్యమైన అంకె గ్రాస్ మార్జిన్. అది 55 శాతం దగ్గర్నుంచి 35 శాతం దగ్గరికి జారింది. వంద డాలర్ల సరుకు అమ్మితే తయారీ ఖర్చు పోగా మిగిలేది 35. పరిశోధన, ఆఫీసు ఖర్చులు, పన్నులు అన్నీ అందులోంచే. అందుకే షేరు ధర తగ్గినంత మాత్రాన చౌక అనకండి.

కంపెనీకి అప్పుల బరువు లేదు, నగదు దండిగా ఉంది. అది బలమే. కానీ కొనేముందు అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఎడ్గార్ సైట్‌లో ఉచితంగా దొరికే 10-కె వార్షిక నివేదిక, 10-క్యూ త్రైమాసిక నివేదికలు తెరవండి. మార్జిన్ వరుసగా నాలుగు త్రైమాసికాలు నిలబడిందా? వైద్యం, బ్యాటరీ వెల్డింగ్ వంటి కటింగేతర పనుల వాటా పెరుగుతోందా? గోదాముల్లో సరుకు నిల్వ అమ్మకాల కంటే వేగంగా పెరుగుతోందా? ఈ మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. కొత్త మోడల్ రాగానే పాత డయోడ్లు (లేజర్‌కు వెలుగునిచ్చే చిప్పులు), సోర్సుల విలువ పడిపోతుంది. ఆ తేడా అంతా ఒకే త్రైమాసికంలో నష్టంగా బయటపడుతుంది.

ప్ర: కర్నూలులో లేజర్ ఆయుధం డ్రోన్‌ను కూల్చిందని చదివాం. ఏ డిఫెన్స్ షేరు కొనమంటారు?
– ఓ పాఠకురాలు, నంద్యాల

జ: 2025 ఏప్రిల్ 13న ఓర్వకల్లు దగ్గరి రేంజ్‌లో పరీక్షించిన ఆ 30 కిలోవాట్ల ఆయుధం హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ల్యాబ్ ‘చెస్’ రూపొందించినది. మనకెంతో గర్వకారణం. అయితే ల్యాబ్‌కు షేర్లుండవు. పరీక్ష నెగ్గాక సైన్యం సొంతంగా చేసే ట్రయల్స్, రక్షణ శాఖ ఆమోదం, ధరపై బేరం, ఒప్పందం అన్నీ కావాలి. ఏళ్లు పడుతుంది. వార్త వచ్చిన వారం షేరు కొనేవాళ్లు ఈ ఏళ్లన్నిటికీ ముందే డబ్బు కట్టేస్తున్నారు.

భారత్ ఎలక్ట్రానిక్స్ లేజర్ పరికరాలు చేస్తుంది, నిజమే. కానీ దాని ప్రధాన ఆదాయం రాడార్లు, ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ (శత్రువు రాడార్, రేడియో సంకేతాలను అడ్డుకునే పరికరాలు), క్షిపణి వ్యవస్థలది. లేజర్ కోసమని దాన్ని కొనడంలో అర్థం లేదు. చిన్న డిఫెన్స్ కంపెనీలైతే రావాల్సిన బాకీలు లెక్కకట్టండి. అమ్మకాలు 300 కోట్లు, బాకీలు 150 కోట్లు అనుకుందాం. 150ని 300తో భాగించి 365తో గుణిస్తే దాదాపు 183 రోజులు. సరుకిచ్చాక సగటున ఆరు నెలలకు గానీ డబ్బు రాదన్నమాట. ఈ రోజులు ఏటా పెరుగుతుంటే కాగితం మీద లాభం ఉన్నా జీతాలకు అప్పు చేయాల్సి వస్తుంది.

ప్ర: లేజర్ యంత్రాలు చేసే జర్మనీ కంపెనీ ట్రంఫ్ షేర్లు ఎలా కొనాలి?

జ: కొనలేం. అది కుటుంబ సంస్థ, ఏ ఎక్స్ఛేంజ్‌లోనూ లేదు. నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్ఎంఎల్ చేసే, అతినీలలోహిత కాంతితో చిప్‌లపై గీతలు ముద్రించే ఈయూవీ యంత్రాల్లో సెకనుకు 50,000 తగరపు బొట్లను కొట్టే లేజర్ వీళ్లదే. ఆ దారిన వెళ్లి ఏఎస్ఎంఎల్ కొంటే మీరు కొన్నది చిప్ పరిశ్రమ షేరు.

ప్ర: అమెరికా షేర్లు కొంటే పన్నులెలా?

జ: విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే ఆర్‌బీఐ పథకం ఎల్ఆర్ఎస్ కింద ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. పెట్టుబడికి పంపేది 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. ఖాతా తెరిచేటప్పుడు డబ్ల్యూ-8బెన్ ఫారం (మీరు అమెరికా వాసి కాదని చెప్పేది) నింపితే డివిడెండ్‌పై అమెరికాలో కోత 30కి బదులు 25 శాతం. 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం, సర్‌ఛార్జి, సెస్ అదనం. అంతకుముందైతే మీ శ్లాబు ప్రకారం.

ఒక్క విదేశీ షేరున్నా ఆదాయపు పన్ను రిటర్నుగా ఐటీఆర్-1 ఫారం వేయకూడదు. జీతం, షేర్ల లాభాలే ఉన్నవాళ్లు ఐటీఆర్-2 వేసి, అందులో విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి. ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. ఆ పట్టికలో ఏప్రిల్ నుంచి మార్చి లెక్క కాదు, జనవరి నుంచి డిసెంబరు లెక్క ఇవ్వాలి. బ్రోకర్ స్టేట్‌మెంట్ కూడా అదే కాలానికి విడిగా తీసుకోండి.