కుక్కకు పచ్చి ఎముక ఇచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ కుక్కకు ఏడాది నిండిందనీ, ఇకమీదట నమలడానికి పచ్చి ఎముకలు ఇద్దామనుకుంటున్నాననీ, జాగ్రత్తలు చెప్పమనీ రాశావు. ముందే అడిగి మంచి పని చేశావు. ఉడికించిన ఎముక ప్రమాదమనీ, పచ్చిదైతే ఫర్వాలేదనీ విని చాలామంది అంతటితో ఆగిపోతారు. అందులో మొదటి మాట పూర్తిగా నిజం. రెండో మాట నిజం కావాలంటే ఎముకను చూసి ఎంచుకోవాలి, ఎంచుకున్నాక కుక్క పక్కనే కూర్చోవాలి. ఎంత జాగ్రత్తపడినా ప్రమాదం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. అది ఒప్పుకున్నవాళ్లే ఈ పనికి పూనుకోవాలి.

వేడి తగిలితే ఎముకలోని తేమ పోతుంది, దానికి కాస్త వంగే గుణాన్నిచ్చే కొల్లాజెన్ దెబ్బతింటుంది. అలా పెళుసుబారిన ఎముకను కొరికితే మొనదేలిన పెచ్చులుగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఉడికించినా, కాల్చినా, పొగబెట్టి ఎండబెట్టి ప్యాకెట్లలో అమ్మినా అంతే. అలాంటి ప్యాకెట్ ఎముకల గురించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో కుక్కల యజమానులను హెచ్చరించింది కూడా. కాబట్టి మనం తిన్న కంచంలో మిగిలిన ఎముక ఎంత చిన్నదైనా, కుక్క ఎంత ఆశగా చూసినా దాని నోటికి చేరకూడదు. చెత్తబుట్టకు మూత గట్టిగా ఉందో లేదో కూడా చూసుకో.

పచ్చి ఎముకను ఎంచుకునేటప్పుడు మొదట పరిమాణం చూడు. అది కుక్క మూతి పొడవు కంటే పెద్దదిగా ఉండాలి, మొత్తంగా నోట్లో పట్టకూడదు. చిన్న ముక్కయితే నమిలే శ్రమ లేకుండా మింగెయ్యవచ్చునని కుక్కకు త్వరగానే తెలిసిపోతుంది. ఆ అలవాటు పడ్డాక మాన్పించడం చాలా కష్టం. మూలుగ కోసం అడ్డంగా కోసి ఉంగరాల్లా చేసిన ముక్కలు అసలు వద్దు, అవి కింది దవడకు కోరల వెనక్కి ఎక్కి బిగుసుకుపోతాయి. అప్పుడు కుక్కకు మత్తు ఇచ్చి వైద్యుడే కోసి తీయాల్సి వస్తుంది.

పరిమాణం తరువాత గట్టిదనం. దీన్ని నేను మరింత గట్టిగా చెబుతాను, ఎందుకంటే పెద్ద ఎముక కదా అని పశువుల తొడ ఎముకను నిశ్చింతగా ఇచ్చేవాళ్లే ఎక్కువ. బరువైన జంతువును మోసిన ఆ కాలి ఎముకల నడిమి భాగం కుక్క పన్నును విరిచేంత గట్టిగా ఉంటుంది. కుక్క ఎముకను ముందరికాళ్ల మధ్య పట్టుకుని, తల పక్కకు వాల్చి, దవడ వెనక భాగంతో కొరకడం నువ్వు చూసే ఉంటావు. ఆ బలమంతా పై వరసలో ఉండే పెద్ద దవడ పన్ను మీద పడుతుంది. ఎముక లొంగకపోతే ఆ పన్ను బయటి వైపున పలకలా ఊడివస్తుంది. విరిగిన చోట గులాబీ రంగు చుక్క కనిపించిందంటే లోపలి నరం బయటపడినట్లే. ఎంత నొప్పి ఉన్నా కుక్క మామూలుగానే తింటూ ఉంటుంది గనుక ఎవరూ గమనించరు. గోటితో నొక్కి చూడు, కాస్తయినా గుర్తు పడనిది పంటికి మంచిది కాదు. కీళ్ల దగ్గర మృదులాస్థి అంటుకుని ఉండే గుబ్బ భాగం నడిమి కాడ కంటే మెత్తగా ఉంటుంది, నేను దానివైపే మొగ్గుతాను. అయితే కుక్క మెత్తటి భాగాన్ని నమిలేసి గట్టి కాడ దాకా వచ్చిందంటే తీసెయ్యి.

ఎముక ఇచ్చే ముందు కుక్కకు భోజనం పెట్టు. ఆకలి మీదున్న కుక్క నమలదు, ముక్కలు మింగుతుంది. మొదటిరోజు పది పదిహేను నిమిషాలు చాలు, ఆ సేపంతా నువ్వు పక్కనే ఉండాలి. పక్కనే అంటే అదే గదిలో ఫోను చూసుకుంటూ కాదు. నమిలే చప్పుడు విను: గీకుతున్నట్లు, ఒకే తీరుగా వినిపిస్తున్నంతసేపు కంగారు అక్కర్లేదు. టపటపమని విరుగుతున్న చప్పుడు వచ్చినా, కుక్క తల పైకెత్తి గుటకలు వేస్తున్నా వెంటనే ఆపించు. ఎముక నోట్లో పట్టేంత చిన్నదైతే పారెయ్యి, మిగిలిందని దాచకు.

కుక్క నోట్లోంచి ఎముకను లాక్కోవద్దు. దానికి మరింత ఇష్టమైన తినుబండారం చూపించి, ఎముకను వదిలాక అది ఇచ్చి, అప్పుడు తీసుకో. ఈ అలవాటును ముందుగా బొమ్మలతో నేర్పితే ఎముకల దగ్గర గొడవ ఉండదు. ఇంట్లో మరో కుక్క ఉంటే వేర్వేరు గదుల్లో ఇవ్వు. పసిపిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకు, ఎంత సాధు కుక్కయినా ఎముక దగ్గర మారిపోవచ్చు.

పచ్చి మాంసం మీద సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు, ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన అవి చావవు. కడిగి శుభ్రం చేయడానికి వీలైన నేల మీదే నమలనిచ్చి, ఆ తరువాత నేలనూ గిన్నెలనూ కడిగి, చేతులు సబ్బుతో రుద్దుకో. నమిలిన వెంటనే మొహం నాకించుకోవద్దు. ఇంట్లో గర్భిణి గాని, పసిబిడ్డ గాని, రోగనిరోధక శక్తి తగ్గిన పెద్దవాళ్లు గాని ఉంటే పచ్చి ఎముక ఆలోచనే మానుకోమంటాను. పచ్చి పంది ఎముకలు కూడా వద్దు. పందులను అంటిపెట్టుకునే ఆజెస్కీ వైరస్ కుక్కకు సోకితే బతకదు.

కొన్ని కుక్కలకు ఎముక సరిపడదు. పాలపళ్లు పూర్తిగా ఊడని కూనలకు, పళ్లు అరిగిన ముసలివాటికి, ఏదైనా నమలకుండా మింగేవాటికి, పగ్‌ల వంటి చప్పిడి మూతి జాతులకు ఇవ్వవద్దు. క్లోమం వాచిన జబ్బు ఒకసారి వచ్చిన కుక్కకు మూలుగలోని కొవ్వు మళ్లీ ఆ జబ్బును తెచ్చిపెట్టగలదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకైనా మొదట్లో మూలుగను చాలావరకు తోడేసి ఇవ్వడం మేలు, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి.

పళ్లు శుభ్రపడతాయా అని కూడా అడిగావు. బీగిల్ కుక్కలకు పచ్చి పశువుల ఎముకలు ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది, పళ్ల మీది గార బాగా తగ్గినట్లు అందులో తేలింది. కాని చిగురు కింద చేరిన గారను ఏ ఎముకా తీయలేదు. బ్రష్‌తో తోమడం మానవద్దు.

మర్నాడు మలం చూడు. సుద్దలా తెల్లగా, పొడిగా ఉంటే ఎముక ఎక్కువ తిన్నదని అర్థం, కొన్నాళ్లు ఆపు. పదేపదే వాంతులు, తిండి ముట్టకపోవడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం, ముక్కినా మలం రాకపోవడం, నల్లటి లేదా రక్తం కలిసిన మలం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లు. ముక్క మింగిందని తెలిసినా నువ్వుగా వాంతి చేయించకు, దిగేటప్పుడు గుచ్చుకోని మొన ఎక్కేటప్పుడు గుచ్చుకోవచ్చు. ఏ ఎముక, ఎంత ముక్క, ఎన్ని గంటలకు మింగిందో రాసి పెట్టుకుని, మిగిలిన ముక్కను కూడా సంచిలో వేసి వెంట తీసుకెళితే ఎక్స్‌రేలో ఏమి వెతకాలో వైద్యుడికి తెలుస్తుంది.

మీ మామయ్య