టెక్ సందేహాలు: ఎగిరే పక్షికి ఆటో మోడ్ పనికిరాదు

ప్రశ్న: మాది టెక్కలి. బేసిక్ డీఎస్‌ఎల్‌ఆర్, 70-300 లెన్సు ఉన్నాయి. తేలినీలాపురంలో సాయంత్రం గూళ్లకు తిరిగొచ్చే పక్షుల్ని తీస్తే రెక్కలు అలికేసినట్టు వస్తున్నాయి, పక్షి నల్లగా పడుతోంది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేని కొత్త రకం) కొనమంటున్నారు ఫ్రెండ్సు. కొనాలంటారా, ఇంకేటైనా దారి ఉందా?

జవాబు: ఇప్పుడే కొనకండి. ఆటో మోడ్‌లో పెడితే కెమెరాకు అది గూడబాతో, గోడమీద క్యాలెండరో తెలీదు. వెలుతురు తగ్గింది కదా అని షటర్ వేగాన్ని సెకనులో 1/200, 1/250 వంతుకి దించేస్తుంది. ఆ వేగానికి కూర్చున్న పక్షి బాగానే పడుతుంది, రెక్క కొట్టే పక్షి పడదు. లెన్సులో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారేమో. అది మీ చేతి వణుకును ఆపుతుంది, రెక్కను ఆపదు.

మాన్యువల్ మోడ్‌కి వెళ్లి షటర్ వేగం, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే కంత) మీరే పెట్టండి, ఐఎస్‌ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఒక్కటీ ఆటోకి వదిలేయండి. గూడబాతు పెద్ద పక్షి, నింపాదిగా రెక్కలాడిస్తుంది, తేలుతూ వస్తే 1/1000 సరిపోతుంది. కొమ్మ మీద వాలే ఎర్రకాళ్ల కొంగకు 1/1600 పెట్టండి. అపర్చర్ మీ లెన్సు 300 దగ్గర ఇచ్చే అతి పెద్దది, బహుశా ఎఫ్/5.6 గానీ, ఎఫ్/6.3 గానీ. ఈ లెక్కన మబ్బు పట్టిన పొద్దున ఐఎస్‌ఓ 1600 దగ్గర ఆడుతుంది, పొద్దు వాలేవేళ 6400 దాకా పోతుంది.

ఆ 6400 చూసే చాలామంది హడలిపోతారు. గ్రెయిన్ (ఫొటో మీద ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు) వస్తుందని భయపడి 800 దగ్గర కట్టేసి, చీకటిగా తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వెలుగు పెంచుతారు. దానివల్ల గ్రెయిన్ తగ్గదు, పాత సెన్సర్లలో ఇంకాస్త పెరుగుతుంది కూడా. ఎందుకంటే గ్రెయిన్‌కి అసలు కారణం సెన్సర్ మీద పడిన వెలుతురు తక్కువ కావడం, ఐఎస్‌ఓ అంకె కాదు. పైగా గ్రెయిన్‌ని సాఫ్ట్‌వేర్ తర్వాత తుడవగలదు, కదిలిపోయిన రెక్కను ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా నిలబెట్టలేదు. ఏదో ఒకటి వదులుకోక తప్పదంటే నేను గ్రెయిన్‌నే భరిస్తాను.

ఇక నల్లగా పడటం. వెనక ఆకాశం వెలుగ్గా ఉంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ దాన్ని చూసి మొత్తం ఫొటోని చీకటి చేస్తుంది. ఫొటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 పెట్టండి, చాలకపోతే +1.7. ఆకాశం తెల్లబడితే పడనివ్వండి, మీకు కావలసింది పక్షి కదా. అదే పక్షి చింతచెట్టు ముదురాకుల ముందుకు రాగానే కథ తిరగబడుతుంది. తెల్లని ఈకలు వెలుగెక్కువై గీతలు కనబడకుండా పోతాయి, అప్పుడు -0.7కి దిగాలి. వేలు ఆ చక్రం మీదే ఉండాలి. కొన్ని పాత మోడళ్లలో మాన్యువల్, ఆటో ఐఎస్‌ఓ కలిపితే కాంపెన్సేషన్ పనిచేయదు. మీదీ అలాంటిదైతే షటర్ వేగం మీరు పెడితే అపర్చర్ కెమెరా చూసుకునే షటర్ ప్రయారిటీకి మారండి.

కదిలే పక్షిని వెంటాడే ఫోకస్ మోడ్ నికాన్, సోనీల్లో ఏఎఫ్-సి, కెనాన్‌లో ఏఐ సర్వో. పాయింట్లన్నీ ఒకేసారి ఆన్ చేస్తే కొమ్మలే ముందు దొరుకుతాయి, మధ్యలోని ఒక చిన్న గుంపును ఎంచుకోండి. పక్షి దూరంగా ఉన్నప్పుడే పట్టుకుని, దానితోపాటు కెమెరా తిప్పుతూ, దగ్గరికొచ్చాక నొక్కండి.

ఇంకో సంగతి, దీనికి ఖర్చు లేదు. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా వాలతాయి. సాయంత్రం చెట్లకు పడమటి వైపు నిలబడితే ఎండ మీ వీపు మీద ఉంటుంది. గాలి కూడా మీ వైపు నుంచే వీస్తుంటే పక్షి మొహం మీకే కనిపిస్తూ దిగుతుంది. మన శ్రీకాకుళం జిల్లా దేశ కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశానికి తూర్పున ఉంది, హైదరాబాద్ పడమరన ఉంది. అందుకే హైదరాబాద్ కన్నా మనకు పొద్దు దాదాపు ఇరవై నిమిషాలు ముందు కుంకుతుంది. డిసెంబరులో ఐదున్నరకల్లా సూర్యుడుండడు. అక్కడి వీడియోలు చూసి ఐదింటికి బయల్దేరితే మీకు మిగిలేది చీకటే. మూడున్నరకే వెళ్లండి.

ఇవన్నీ చేశాక కూడా కంటి మీద ఫోకస్ నిలవలేదనిపిస్తే, అప్పుడు పక్షి కన్ను గుర్తించే మిర్రర్‌లెస్ గురించి ఆలోచించవచ్చు. ఆ సదుపాయం నిజంగానే గొప్పది. కొన్నా సరే, ఎగిరే పక్షికి సైలెంట్ షటర్ వాడకండి. చవక మోడళ్లలో సెన్సర్‌ను పైనుంచి కిందకు వరసగా చదివేలోగా రెక్క జరిగిపోయి, ఫొటోలో వంకరగా పడుతుంది.

ప్రశ్న: విజయనగరం. మా ఇంటి దగ్గర చెరువులో లకుముకి పిట్ట మునకేస్తుంటుంది. ఫోన్‌తో తీయొచ్చా? 10ఎక్స్ జూమ్ ఉంది.

జవాబు: కూర్చున్నప్పుడు తీయొచ్చు. మునక మాత్రం అదృష్టం. ఫోన్ ఒక్క క్లిక్కుకి చాలా ఫ్రేములు తీసి కలిపేస్తుంది, కదిలే పక్షి ఆ కలపడంలోనే దెయ్యంలా తేలిపోతుంది. ప్రో మోడ్‌లో 1/2000 పెట్టి, పట్టపగలు ప్రయత్నించండి. ఆ 10ఎక్స్ అసలుదో కాదో కూడా చూసుకోండి. వెలుతురు తగ్గితే చాలా ఫోన్లు టెలిఫొటో లెన్సును పక్కన పెట్టి, మెయిన్ కెమెరా బొమ్మనే కోసి పెద్దది చేసి చూపిస్తాయి. మసక వెలుతురులో టెలి లెన్సు మీద వేలు పెట్టండి. తెర మీద బొమ్మ అలాగే ఉంటే మీరు చూస్తున్నది ఆ కోసిన ముక్కే.

ప్రశ్న: ఇచ్ఛాపురం. తేలుకుంచిలో తీసిన ఓపెన్‌బిల్ కొంగల ఫొటోల్లో గ్రెయిన్ ఎక్కువ. 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్. ఏ సాఫ్ట్‌వేర్?

జవాబు: డార్క్‌టేబుల్ గానీ, రాథెరపీ గానీ. రెండూ ఉచితం, మీ మెషీన్ మీద నడుస్తాయి. లైట్‌రూమ్‌లో 2023లో వచ్చిన ఏఐ డీనాయిజ్ ఫలితం ఇంకా బాగుంటుంది కానీ, గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఒక్కో ఫొటోకి టీ తాగి రావచ్చు. ఏది వాడినా రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచిన ఫొటో) ఉండాలి. జేపెగ్‌లో కెమెరా అప్పటికే కొంత తుడిచేసి ఉంటుంది, గ్రెయిన్‌తో పాటు ఈకల గీతలు కూడా పోతాయి. స్లైడర్‌ను చివరిదాకా లాగకండి. ఈకలు మైనంలా మెరుస్తున్నాయంటే హద్దు దాటారన్నమాట.

ప్రశ్న: నౌపడ. బరస్ట్ (వరసగా టకటకా) తీస్తే కాసేపటికి కెమెరా ఆగిపోతోంది. కార్డు లోపమా?

జవాబు: కెమెరా లోపలి బఫర్ (తాత్కాలిక మెమరీ) నిండిపోయి, కార్డు మీద రాయడానికి ఆగుతోంది. కనీసం వీ30 (రాసే వేగాన్ని చెప్పే గుర్తు) ఉన్న కార్డు తీసుకోండి, పొట్టి పొట్టి బరస్ట్‌లు కొట్టండి. కొన్న కార్డు నకిలీదో కాదో విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ తేల్చేస్తుంది. ఒక మాట, మీ ఉప్పు మళ్ల మీద మధ్యాహ్నం దూరపు పక్షి నలిగిన బట్టలా వస్తే అది కార్డు తప్పూ కాదు, లెన్సు తప్పూ కాదు, వేడిగాలి. పొద్దున్నే తీయండి.

ప్రశ్న: డ్రోన్‌తో గూళ్లను పైనుంచి తీయాలనుంది. ఏ మోడల్ చప్పుడు చేయదు?

జవాబు: మోడల్ చెప్పను. ఊళ్లో అందరూ సైబీరియా పక్షులంటారు గానీ గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ దక్షిణాసియావే, ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. డ్రోన్‌ని గద్దనుకుని పెద్దవి ఒక్కసారి లేచిపోతే గూట్లో పిల్లలు కిందపడొచ్చు, గుడ్లు కాకుల పాలవ్వొచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఉంది. మీ దగ్గర 300 లెన్సు ఉంటే మొదటి జవాబు మళ్లీ చదవండి.