సమాధానం: డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో 5వ లెవెల్ మాంక్‌కి (యుద్ధవిద్యలు తెలిసిన సన్యాసి పాత్ర) ఒక టర్న్‌లో ఎన్ని దెబ్బలు?

మీ లెక్కకి 5 వచ్చాయి, మీ డీఎం (ఆట నడిపే వ్యక్తి) 4 అన్నారు, ఏది సరైనదని అడిగారు. ఎటాక్ యాక్షన్‌లోని రెండు దెబ్బలకి మార్షల్ ఆర్ట్స్ అనే మాంక్ విద్య ఇచ్చే ఒక దెబ్బనీ, ఫ్లరీ ఆఫ్ బ్లోస్ అనే ఇంకో విద్య ఇచ్చే రెండింటినీ మీరు కలిపి లెక్కేశారు, అందుకే 5 వచ్చాయి. మీ డీఎం చెప్పిన 4 సరైనదే.

అందరూ తప్పేది ఇక్కడే: ఆ రెండు విద్యలూ బోనస్ యాక్షన్లే (టర్న్‌లో అసలు యాక్షన్‌కి అదనంగా చేసేవి). టర్న్‌కి బోనస్ యాక్షన్ ఒక్కటే. ఒక కీ పాయింట్ (మాంక్ విద్యలకి ఖర్చయ్యే శక్తి) ఖర్చుపెట్టి ఫ్లరీ తీసుకుంటే మార్షల్ ఆర్ట్స్ ఇచ్చే ఉచిత దెబ్బ పోయినట్టే.

మీ మాంక్ డెక్స్‌టెరిటీ (చురుకుదనం) 18 అన్నారు కాబట్టి, 2014 నియమాల పుస్తకం ప్రకారం టర్న్ ఇలా నడుస్తుంది:

1. ఎటాక్ యాక్షన్: కర్ర రెండు చేతులా పట్టుకుని రెండు దెబ్బలు. ఒక్కోదానికి డీ20+7 (20 ముఖాల పాచిక వేసి 7 కలపాలి), తగిలితే నష్టం డీ8+4.
2. వెంటనే ఫ్లరీ: రెండు తన్నులు, ఒక్కోటి డీ6+4. కర్ర వదలక్కర్లేదు, కాళ్లు ఖాళీయే కదా. ఆ +4 తన్నులకీ వస్తుంది, చాలామంది వదిలేస్తారు.
3. స్టన్నింగ్ స్ట్రైక్ (శత్రువుని స్తంభింపజేసే విద్య) వాడాలనుకుంటే మొదటి దెబ్బ తగలగానే ఇంకో కీ పెట్టండి. శత్రువు కాన్‌స్టిట్యూషన్ సేవ్ (దేహబలంతో తట్టుకోడానికి వేసే పాచిక) తప్పితే మిగతా మూడు దెబ్బలకీ అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం). చివరి తన్నుకి దాచుకుంటే ఆ లాభం మీకు ఈ టర్న్‌లో దక్కదు.

యాక్షన్‌గా డాడ్జ్ (దెబ్బలు తప్పించుకోవడం) తీసుకున్న టర్న్‌లో ఫ్లరీ కుదరదు, దానికి ముందు ఎటాక్ యాక్షన్ ఉండాలి. 2024 పుస్తకంలో ఈ షరతు తీసేశారు, తన్ను కూడా డీ8 అయింది. మీ టేబుల్ ఏ పుస్తకంతో ఆడుతోందో ముందు డీఎంని అడగండి.