అడగాలంటేనే గుండె దడ

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది రాజమండ్రి. సెలవులకు వచ్చిన మా అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని 'థెల్మా అండ్ లూయీస్' అనే ఇంగ్లిష్ సినిమా చూపించింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు, నిద్ర కూడా సరిగ్గా పట్టడం లేదు. మావారు చెయ్యి చేసుకునే మనిషి కాదు గానీ నోరు ఎక్కువ. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు అరకు వెళ్దాం రమ్మని ఏడాదిగా పిలుస్తోంది. ఆయన్ని అడగాలంటేనే గుండె దడ. చెప్పకుండా వెళ్లిపోదామా అనిపిస్తోంది. సినిమా చివర్లో వాళ్లు చేసింది కూడా నాకు తప్పనిపించలేదు. ఈ వయసులో నాకు ఇదేం బుద్ధి?

జవాబు: ముందు ఆ చివరి సీను సంగతి. వెనక పోలీసులు, ముందు లోయ. స్నేహితురాళ్లు థెల్మా, లూయీస్ ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని కారుతో సహా దూకేస్తారు. లొంగిపోలేదన్న కోణంలో అది మీకు నచ్చి ఉంటే అందులో కంగారుపడాల్సింది లేదు. చాలామందికి అలాగే అనిపిస్తుంది. కానీ 'నేనూ అలా పోతే బాగుండు' అన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే ఇవాళే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ. ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. నిద్ర పట్టడం లేదని రాశారు కాబట్టి చెబుతున్నాను.

1991లో వచ్చిన ఆ సినిమాకు కథ రాసింది కాలీ కూరి అనే మహిళ. ఆస్కార్ కూడా ఆ రచనకే వచ్చింది. అందరూ తుపాకీ గురించీ లోయ గురించీ మాట్లాడతారు గానీ, మిమ్మల్ని పట్టుకున్నది మొదట్లో వచ్చే వంటింటి సీనే అనుకుంటున్నాను. స్నేహితురాలితో రెండు రోజులు వెళ్లొస్తానని మొగుడికి చెప్పాలి థెల్మా. ఆయన విసుక్కుంటాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, రాత్రికి ఏమైనా స్పెషల్ కావాలా అని అడుగుతుంది. చివరికి చీటీ రాసిపెట్టి వెళ్లిపోతుంది. పోలీసులు వెతుకుతున్నప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే, ఆయన ఎన్నడూ లేనంత ఆప్యాయంగా 'హలో' అంటాడు. ఆమె వెంటనే ఫోన్ పెట్టేస్తుంది. ఆ ఒక్క పలకరింపుతోనే పోలీసులు ఇంట్లో ఉన్నారని అర్థమైపోతుంది. మొగుడు ప్రేమగా పలికితే అనుమానం రావడం ఎంత బాధ! మీకు కునుకు పట్టనివ్వనిది ఇదేనేమో, ఒకసారి ఆలోచించి చూడండి.

మీ బుద్ధికేమీ కాలేదు. ఇన్నేళ్లలో స్నేహితురాలితో రెండు రోజులు గడపాలనుకోవడం చాలా మామూలు కోరిక. చెప్పకుండా మాత్రం వెళ్లొద్దు. ఆయనదే న్యాయమని కాదు. చెప్పకుండా వెళ్తే ఆ భయం మీతోపాటే రైలెక్కుతుంది. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతూ అరకులో మీరు చూసేదేముంటుంది?

పర్మిషన్ అడగకండి, విషయం చెప్పండి. ముందు టికెట్లు తీసుకోండి. ఆయన పనికి వెళ్లే హడావిడిలోనో, చుట్టాల ముందో కాకుండా తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి: "వచ్చే శనివారం నేనూ తనూ అరకు వెళ్తున్నాం. ఆదివారం రాత్రికి వచ్చేస్తాను." అంతే. ఎందుకు, ఏమిటి అని సంజాయిషీ మొదలుపెట్టకండి. అరిస్తే ఎదురు అరవొద్దు, ఏడవొద్దు. కాసేపాగి అదే మాట మళ్లీ చెప్పండి. భయంతో రెండు రోజుల కూరలు వండి ఫ్రిజ్‌లో సర్దే పని పెట్టుకోకండి. అన్నం ఆయన వండుకోగలరు, వీధి చివర కర్రీ పాయింట్ ఉండనే ఉంటుంది.

ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే ఆ సినిమాలోలాగే అవుతుందని ఆయన అనొచ్చు. అక్కడ బార్ బయట థెల్మా మీద పడింది ఒక మగాడు, ప్రయాణం కాదు. లూయీస్ అతన్ని కాల్చడం నేరమే. తర్వాత పోలీసుల దగ్గరికి వెళ్లకపోవడానికి కారణం, థెల్మా వాడితో డాన్స్ చేయడం అందరూ చూశారు కాబట్టి మన మాట ఎవరూ నమ్మరన్న భయం. మీకు దారిలో ఏ ఇబ్బంది వచ్చినా అత్యవసర నంబర్ 112కి ఫోన్ చేయండి. ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి.

ఆయన రెండు రోజులు ముభావంగా ఉంటే ఉండనివ్వండి. అలా కాకుండా ఫోన్ లాక్కోవడం, డబ్బు ఆపేయడం, గడప దాటితే చూడమని బెదిరించడం దాకా వస్తే దాన్ని 'నోరు ఎక్కువ' అని సరిపెట్టుకోవద్దు. 2005 గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, మాటలతో హింసించడాన్నీ డబ్బు అందకుండా చేయడాన్నీ కూడా హింసగానే చూస్తుంది. అప్పుడు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, నాకూ రాయండి.

మీవారికి చెప్పే రోజు తర్వాత చూసుకుందాం. ఇవాళ మీ స్నేహితురాలికి ఫోన్ చేసి తేదీ ఖాయం చేసుకోండి. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు పొద్దున్నే ఉంటుంది, ముందు రోజు రాత్రికే విశాఖ చేరుకునేలా చూసుకోండి.